హిమజ మోసిన బస్సు

కొండల మీది ఊళ్ళలో దాన్ని అందరూ ఆపరేషన్ బస్సు అనేవారు. విశాఖపట్నంలోని ఒక ధర్మాసుపత్రి దాన్ని నడిపేది. లోపల ఆపరేషన్ బల్ల, మత్తుమందు యంత్రం, మందుల బీరువాలు, వెనకవైపు పడకలు. అంత బరువూ మోసుకుని అది చింతపల్లి దాటి, తారు అయిపోయి రాళ్ళు మొదలయ్యే దారుల్లోకి వెళ్ళేది. దాన్ని నడిపేదీ, బాగుచేసేదీ పరదేశి నాయుడే.

ఆ బస్సులో ఆయనకి నిద్ర పట్టనివ్వనివి ముందు చక్రాల బాల్ జాయింట్లు. మనిషి తుంటిలో గిన్నెలాంటి గుంటలో ఎముక గుండు తిరిగినట్టే, బండిలో ఉక్కు గిన్నెలో ఉక్కు గుండు తిరుగుతుంది. చక్రం పైకీ కిందకీ ఊగినా, పక్కకి తిరిగినా దాన్ని బండికి పట్టి ఉంచేది ఆ కీలే. ఒక్కో ముందు చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి. మంచి రోడ్డు మీద ఏళ్ళ తరబడి ఉండేవి ఆ రాళ్ళలో ఒక్క వానాకాలం కూడా దాటేవి కావు. గిన్నె అరిగి, గుండు వదులై, ముందు టకటకమని చప్పుడు మొదలయ్యేది. తర్వాత స్టీరింగు పక్కకి లాగేది. అప్పటికీ పట్టించుకోకపోతే గుండు గిన్నెలోంచి ఊడివస్తుంది, చక్రం వాలిపోతుంది. అందుకని చప్పుడు వినగానే బస్సుని షెడ్డులో పెట్టేసేవాడు. అంత పెద్ద బండికి సరిపడే జాయింట్లు వెంటనే దొరికేవి కావు. అవి వచ్చేదాకా కొండల మీద కానుపు కష్టమైన ఆడవాళ్ళు డోలీల్లోనే దిగాలి. దిగేలోగా కొందరు పోయేవారు. ఆ కబురు విన్న రోజు పరదేశి నాయుడు సగం అన్నంలో లేచిపోయేవాడు.

ఆసుపత్రి వెనకే ఒక పరిశోధనశాల ఉండేది. డాక్టర్ ఇందుమతి అక్కడ అరిగిన మోకాళ్ళ కోసం కొత్త గుజ్జు పెంచే పని చేసేది. ఒకరోజు ఆమె షెడ్డు పక్కనుంచి వెళుతూ, పరదేశి నాయుడు విప్పి పడేసిన జాయింటుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"నాయుడు గారూ, చిన్నపిల్లలు రోజంతా గెంతుతారు కదా. వాళ్ళ మోకాళ్ళు ఎందుకు అరగవంటారు?"

"పసివాళ్ళు కదండీ."

"పడుకున్నప్పుడు బాగుచేసుకుంటాయి. ఈ ఇనపముక్కకి ఆ వీలు లేదు. ఇస్తే ఎలా ఉంటుంది?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆమె ఊరుకోలేదు. ఉక్కు గిన్నె లోపల సన్నని దారాల అల్లిక పరిచి, దాని మీద మనిషి కీలులోని కణాలు నాటింది. వెచ్చగా ఉంచడానికి చిన్న హీటరు, తిండి పెట్టడానికి ఒక గొట్టంలో పోషకద్రవం. బండి నడిచినప్పుడు అరిగిన చోట, బండి ఆగినప్పుడు కొత్త గుజ్జు పెరగాలి. జాయింటుని ఒక యంత్రానికి బిగించి, కొండదారి కుదుపులన్నీ దానికి పెట్టి చూసేవారు. మోకాలి ఆపరేషన్లలో తీసి పారేసే ముక్కల్లోంచి ఎందరెందరి కణాలో తెచ్చి నాటారు. ప్రతిసారీ అదే ముగింపు. కొన్నాళ్ళు బాగానే ఉండి, బరువు తట్టుకోలేక కణాలు చచ్చిపోయి, గిన్నె అడుగున తెల్లటి నుసి మిగిలేది.

ఆ నుసిని తుడిచి పారేసే రోజుల్లోనే పరదేశి నాయుడి కూతురు హిమజకి మోకాలి నొప్పి మొదలైంది.

హిమజ డిగ్రీ చదువుతోంది. కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేది. ఒక్కగానొక్క పిల్ల. ఆటలో దెబ్బ తగిలిందనుకుని తల్లి వరహాలు రోజూ వేడినీళ్ళ కాపడం పెట్టేది. వాపు తగ్గలేదు. చివరికి ఫొటోలు తీయిస్తే, అది దెబ్బ కాదనీ, గుజ్జులో పుట్టే కేన్సరనీ తేలింది. మోకాలి పై నుంచి కాలు తీసెయ్యాలన్నారు.

ఆపరేషన్‌కి ముందురోజు ఇందుమతి చూడటానికి వచ్చింది. హిమజ మంచం మీద కూర్చుని ఆ కాలి గోళ్ళకి రంగు వేసుకుంటోంది.

"తీసేశాక ఈ కాలు ఏం చేస్తారు మేడమ్?"

ఇందుమతి మంచం అంచున కూర్చుంది. "కాల్చేస్తారమ్మా."

"మీ బస్సు కీలుకి పనికిరాదా? నాన్న చెప్తుంటాడు, అందరి కణాలూ చచ్చిపోతున్నాయట కదా."

"రోగం ఉన్న కాలు, హిమా."

"రోగం లోపలి పక్కే అన్నారు. బయటి పక్కది తీసుకోండి. కబడ్డీ ఆడిన కాలు మేడమ్, అంత తొందరగా పట్టు ఇవ్వదు."

వరహాలు మొహం అటు తిప్పేసుకుంది. "ఏటా మాటలు" అంది గోడవైపు చూస్తూ.

"లేకపోతే ఏటమ్మా, ఊరికే కాల్చీడమేనా" అంది హిమజ.

ఇందుమతి రోగానికి దూరంగా ఉన్న బయటి పక్క నుంచి వేలిగోరంత గుజ్జు తీసుకుంది. సూక్ష్మదర్శిని కింద పరీక్షించింది. శుభ్రంగా కనిపించింది. నాటింది.

ఆ కణాలు చావలేదు. యంత్రం పగలూ రాత్రీ కుదిపింది. మిగతావాళ్ళవి నుసి అయిపోయిన సమయం దాటిపోయింది. ఆగిన ప్రతిసారీ గుజ్జు తిరిగి పెరిగింది, నున్నగా, ముత్యం రంగులో. చంకల కింద కర్రలతో హిమజ పరిశోధనశాలకి వచ్చి, అద్దం వెనక ఊగుతున్న జాయింటుని చూసి చాలాసేపు నిలబడింది.

"నాకంటే బాగా ఆడుతోంది నాన్నా" అంది.

ఎండాకాలంలో నాలుగు జాయింట్లూ బస్సుకి ఎక్కించారు. మొదటిసారి కొండెక్కినప్పుడు హిమజని పరదేశి నాయుడు తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. రాళ్ళ దారి వచ్చింది. ఆయన చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు. ఒక మలుపు దగ్గర హిమజ కిటికీలోంచి తల బయటపెట్టి ముందు చక్రం వైపు చూస్తూ, "ఎక్కు, ఎక్కు" అంటూ అదిలించింది. పరదేశి నాయుడికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు మసకేసి, బండి కాస్త నెమ్మది చేశాడు.

ఆ చలికాలంలో రోగం ఊపిరితిత్తుల్లోకి పాకింది. సంక్రాంతి నెల దాటలేదు, హిమజ పోయింది.

*

ఆ తర్వాత వరహాలు ఇంట్లో ఒక మూల కూర్చుండిపోయింది. పొయ్యి వెలిగించేది కాదు. ఆయన వండి పెడితే రెండు మెతుకులు కతికి పళ్ళెం పక్కకి జరిపేది. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేది, అంతే. ఇందుమతికి ఏం తోచిందో గానీ, ఒకరోజు ఇంటికి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"వరహాలమ్మ గారూ, బస్సు తిరిగొచ్చినప్పుడల్లా ఆ కీళ్ళకి పోషకద్రవం నింపాలి. మా వాళ్ళు ఒకసారి నింపితే ఒకసారి మరిచిపోతున్నారు. మీరు చేసిపెడతారా?"

వరహాలు తలెత్తింది. "ఎవులికి పెట్టాల?"

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుంది. పేరు చెప్పక్కర్లేకపోయింది.

మర్నాటి నుంచి వరహాలు షెడ్డుకి వచ్చేది. బస్సు ఆగీ ఆగకముందే సీసాలు పట్టుకుని ముందు చక్రం దగ్గర చాప పరుచుకునేది. రబ్బరు తొడుగు మీద బురద కడిగేది. ట్యాంకు మూత తీసి ద్రవం పోసేది, పాలు పోసినట్టు నురగ రాకుండా. హీటరు వల్ల జాయింటు ఒంటి వేడితో ఉండేది. దాని మీద అరచెయ్యి ఆనించి, కొండ మీద వానలెలా ఉన్నాయో, ఇంటి పక్క ఎవరికి పెళ్ళి కుదిరిందో చెప్పేది. పరదేశి నాయుడు మొదట్లో ఆ మాటలు వినలేక షెడ్డు బయటికి వెళ్ళి నిలబడేవాడు. పోనుపోను అలవాటైపోయింది. ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఆయనకి అదే చాలు.

ఏళ్ళు గడిచాయి. బస్సు షెడ్డులో ఆగిపోయిన వానాకాలం లేదు. వేరే జిల్లాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఇలాంటి కీళ్ళతో మరికొన్ని బస్సులు తయారుచేయాలని ఆసుపత్రివాళ్ళు ఆలోచన చేశారు. పరిశోధనశాల ఫ్రీజరులో హిమజ కణాలు చిన్న గాజుగొట్టాల్లో గడ్డకట్టి వేచి ఉన్నాయి.

*

ఒక శ్రావణమాసం మధ్యాహ్నం పరదేశి నాయుడు ఘాట్ దిగుతున్నాడు. వెనక పడక మీద చిలకమ్మ అనే బాలింత. పొద్దుటే కడుపు కోసి బిడ్డని తీశారు. ఆమె అత్త పక్కనే కూర్చుంది. సర్జన్ సాలమన్ బిడ్డని ఎత్తుకుని ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. వాన పడుతోంది.

స్టీరింగు మెత్తగా ఉందనిపించింది. లాగడం లేదు, చప్పుడు లేదు, ఉత్తి మెత్తదనం. నెయ్యిలో గరిటె తిప్పినట్టుంది. అంత సుఖంగా తిరిగే స్టీరింగు ఆ బండికి ఎప్పుడూ లేదు. ఆయన కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపే ఎడమ చక్రం పాదం మడత పడ్డట్టు బయటికి వాలింది. ఒకవైపు లోయ, ఒకవైపు కొండ. ఆయన బలమంతా పెట్టి బస్సుని కొండవైపు తిప్పేశాడు. రేకు రాతికి రాసుకుంటూ కొంత దూరం పోయి ఆగింది.

వెనక బీరువా ఒకటి ఊడి పడింది. సాలమన్ బిడ్డ మీదకి వంగి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. బిడ్డకి ఏమీ కాలేదు. ఆయన మణికట్టు మాత్రం నుజ్జయింది. ఆ చేత్తో ఇంక కత్తి పట్టలేడని పెద్ద డాక్టర్లు తర్వాత తేల్చారు.

పరదేశి నాయుడు వానలో బండి కిందకి దూరాడు. ఎడమ కింది జాయింటు రబ్బరు తొడుగు చిరిగి ఉంది. చిరుగులోంచి గుజ్జు పుట్టగొడుగులా బయటికి పొంగుకొచ్చింది, ముడతలు ముడతలుగా, లేత గులాబీ రంగులో. వేలితో తాకాడు. ఉడికిన చామదుంపలా నొక్కుకుపోయింది. ఉక్కు అరిగితే అరుస్తుంది. ఇది నోరెత్తకుండా గిన్నెని లోపలే తినేసింది. గుండు చివరి అంచు పట్టుకుని వేలాడుతోంది.

అలాంటి పొంగు ఆయన ముందొకసారి చూశాడు, ఆసుపత్రి గోడ మీద వెలుగుతున్న హిమజ మోకాలి ఫొటోలో. బురదలో అలాగే వెల్లకిలా పడుకుండిపోయాడు. లోపల పసిబిడ్డ ఏడుపు వినబడ్డాక గానీ కదల్లేదు.

*

ఇందుమతి చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చూసింది. ఇంకొక ముక్క పెట్టింది. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్న దంపతుల వైపు కాకుండా తన చేతుల వైపు చూసుకుంటూ మాట్లాడింది.

"శుభ్రంగా ఉందనుకుని తీసుకున్నాను. లేదు. రోగం విత్తనం అందులో అప్పటికే ఉంది, కనబడనంత చిన్నది. అందరి కణాలూ చచ్చిపోయి ఇవొక్కటే ఎందుకు బతికాయని నేను అడగాల్సింది. చావకపోవడమే ఆ రోగం లక్షణం. సంతోషంలో అడగలేదు."

"మిగతా మూడూ?" అన్నాడు పరదేశి నాయుడు.

"వాటిలోనూ మొదలైంది. అంత ముదరలేదు."

వరహాలు బల్ల మీదకి వంగింది. "నానే. నానే పోసినాను."

"ఏటి పోసినావు?" అన్నాడాయన.

"రోజూ పోసినదే పోసీదాన్ని. ఈమజ్జిన ట్యాంకు తొందరగా కాళీ అయిపోతంది. ఆకలేస్తంది గావాల, బాగా తింతందనుకున్నాను. మరో సీసా పోసినాను. మళ్ళీ మరోటి. ఎవులికీ సెప్పలేదు. సెప్తే వొద్దంతారని." ఆమె ఇందుమతి వైపే చూస్తోంది. "డాట్రు బాబు సెయ్యి నావల్లే పోయింది."

"మీరు పొయ్యకపోయినా అది పెరిగేదేనమ్మా" అంది ఇందుమతి. "ఉన్నదాన్నే తిని పెరిగేది. కాకపోతే కొంచెం ముందుగా తెలిసేది." ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకీ వెంటనే తెలిసింది. కానీ అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు.

నాలుగింటినీ తీసేసి మామూలు ఉక్కువి బిగించాలని ఆమె అంది. పరదేశి నాయుడు తలూపాడు. వరహాలు ఆయన చెయ్యి పట్టుకుంది.

"మందెయ్యండి" అంది ఇందుమతితో. "దానికేసిన మందే దీనికీ ఎయ్యండి. ఆ మూడింటికీ. ఒక్కపాలి సూడండి."

శాస్త్రం ప్రకారం దానికి అర్థం లేదు. అది ఇందుమతికి తెలుసు. అయినా కాదనలేకపోయింది.

పాడైన జాయింటుని అప్పుడే విప్పకుండా, బస్సుని షెడ్డులో కొయ్య దిమ్మల మీద నిలబెట్టారు. మూడింటి ట్యాంకుల్లోకి మందు ఎక్కించారు. ఎర్రటి మందు, దానిమ్మ రసం లాంటిది. అది గొట్టంలోంచి దిగుతుంటే వరహాలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హిమజకి ఈ మందు ఎక్కించినప్పుడల్లా సాయంత్రానికి వాంతులు మొదలయ్యేవి. ఆ రంగు చూస్తేనే కడుపులో తిప్పేస్తోందని పిల్ల కళ్ళు మూసుకునేది. ఇప్పుడు వరహాలు జాయింటు మీద చెయ్యి వేసి, "అయిపోద్దమ్మా, కొంచెమే" అంటోంది. పరదేశి నాయుడు అక్కడే నిలబడ్డాడు. ఈసారి బయటికి వెళ్ళలేదు.

పొంగు తగ్గింది. తొడుగులు మళ్ళీ వదులయ్యాయి. వరహాలు ఆ వారం ఇంట్లో బూరెలు వండింది. పరదేశి నాయుడు ఒకటి కొరికి పక్కన పెట్టేశాడు. హిమజకి కూడా మొదటి విడత మందుకి ఇలాగే తగ్గింది. అప్పుడూ వరహాలు బూరెలు వండింది.

నెల తిరగలేదు. తొడుగులు మళ్ళీ బిగుసుకున్నాయి. ఈసారి ముందుకంటే గట్టిగా.

మరో మందు ప్రయత్నిద్దామా అని వరహాలు అడిగిన రోజునే చిలకమ్మ బిడ్డని చూపించడానికి కొండ దిగి వచ్చింది. పరీక్ష అయ్యాక బిడ్డని ఎత్తుకుని షెడ్డులోకి వచ్చి, దిమ్మల మీద ఉన్న బస్సు చుట్టూ ఒకసారి తిరిగింది.

"బస్సు ఎప్పుడొస్తదమ్మా?" అంది చాప మీద ఉన్న వరహాలుతో.

"బాగులేదు. మందేస్తన్నాం."

"మా ఎగువూరి పిల్ల, నా ఈడుదే, మొన్న డోలీలో దించినారు. అడ్డం తిరిగిన బిడ్డ. పొంగిన గెడ్డ దాటకముందే తల్లీ బిడ్డా పోయినారు. బస్సు వస్తదేమోనని రెండు రోజులు సూసినారట." చిలకమ్మకి తప్పు పట్టే ఉద్దేశం లేదు. జరిగిన సంగతి చెప్పింది. బిడ్డ తల మీద గుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

వరహాలు ఆ సాయంత్రం సీసాలు ఎత్తి లోపల పెట్టేసింది. ఇంటి తాళం తీస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపు ఇప్పీయండి."

*

పొద్దున్న ఎండ బాగా కాసింది. పరదేశి నాయుడు ముందువైపు జాకీ ఎత్తి, చక్రాలు ఊడదీశాడు. కొత్త ఉక్కు జాయింట్లు గోనె మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఇందుమతి ఒక వెడల్పాటి గాజుపళ్ళెంలో గోరువెచ్చని ద్రవం పోసుకుని వచ్చింది. తీసిన గుజ్జుని పరీక్ష కోసం అందులో పెడతానంది.

"నువ్వింటికెళ్ళరాదా వరాలూ" అన్నాడాయన.

"దాని కాలు తీసిన రోజు నన్ను బయట కూకోబెట్టినారు. ఈ రోజు కూకోను" అని ఆమె టార్చిలైటు అందుకుంది.

ఆయన చక్రాన్ని మోసే కింది ఇనపచేతికి జాకీ ఆనించాడు. పిన్ను లాగాడు. నట్టు సగం వదులు చేశాడు. ఇక జాయింటు కాడ దాని బెజ్జంలోంచి ఊడిరావాలి. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంది. కాడని లాగే పుల్లరు తగిలించి తిప్పాడు. జారిపోయింది. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ జారింది. ఇలాంటప్పుడు చేసే పని ఆయనకి తెలుసు. పెద్ద సుత్తి తీసుకుని పక్కనుంచి గట్టిగా రెండు దెబ్బలు వేస్తే, ఆ అదురుకి కాడ వదిలేస్తుంది. ఎన్ని వందలసార్లు చేశాడో.

సుత్తి తీశాడు. చెయ్యి లేవలేదు.

టార్చి వెలుగు కదలకుండా జాయింటు మీదే ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ వెలుగులో సుత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెమట కళ్ళలోకి కారింది.

"దానికి నొప్పి తెలీదు కదా డాక్టరమ్మా?" అంది వరహాలు.

"తెలీదమ్మా. గుజ్జులో నరాలుండవు."

"ఇన్నారు కదా. కొట్టండి."

ఆయన కొట్టాడు. ఉక్కు మీద ఉక్కు మోగింది. రెండో దెబ్బకి కాడ వదిలేసి, ఇనపచెయ్యి ఒక్క కుదుపుతో కిందకి జారింది. ఆయన నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది, దెబ్బ తగిలింది తనకే అన్నట్టు. వరహాలు టార్చి ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఆయన వీపు మీద వేసింది. నాలుగూ అయ్యేదాకా తియ్యలేదు.

గిన్నెల్లోంచి గుజ్జుని ఇందుమతి ఒలిచి తీసింది. కొంత మెత్తగా, రంగు మారి ఉంది. కొంత ఇంకా ముత్యం రంగులోనే ఉంది. పళ్ళెంలో పెట్టింది. అన్నీ కలిపితే దోసెడు కూడా లేదు. పరదేశి నాయుడు కొత్త జాయింట్లు ఎక్కించి, గ్రీజు పట్టించి, నట్లు బిగించి, పిన్నులు మడిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

"ఇది ఇంకా బతికే ఉందేటి?" అంది వరహాలు పళ్ళెం వైపు చూస్తూ.

"ద్రవం వెచ్చగా ఉన్నంతసేపూ ఉంటుంది."

"తర్వాత?"

ఇందుమతి తటపటాయించింది. "నిజానికి పరీక్షకి గోరంత ముక్క చాలు. అది తీసుకున్నాను. మిగతాది కాల్చెయ్యాలి. ఫ్రీజరులో ఉన్న గొట్టాల సంగతి కూడా మిమ్మల్నే అడగాలి. ఈ రోగం మీద పనిచేసే డాక్టర్లు అడుగుతున్నారు. రోగం విత్తనం దశలో ఎలా ఉంటుందో వాళ్ళు ఇంతవరకూ చూడలేదట. అక్కడ మళ్ళీ నాటుతారు, పెంచుతారు. వద్దంటే వాటినీ కాల్చేస్తాను."

పరదేశి నాయుడు భార్య వైపు చూశాడు.

"సదువుకోడానికైతే ఇయ్యండి" అంది వరహాలు. "బండికి మాత్రం వొద్దు. దాని సేత ఇంక బరువు మొయ్యించొద్దు."

ఇందుమతి తలూపింది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

వరహాలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చాప మీద కూర్చుంది. రెండు అరచేతులూ గాజుకి ఆనించింది. పరదేశి నాయుడు చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అది పోయినప్పుడు నాను లేను" అంది ఆమె. "నర్సమ్మ సీటీ రాసిచ్చి ఏదో సూది మందు తెమ్మంది. మందుల కొట్టు కాడ జనం. నెట్టుకుని తెచ్చీసరికి దుప్పటి కప్పీసినారు. ఒళ్ళు ఎప్పుడు సల్లబడిందో నాకు తెలీదు."

ఆయనకి తెలుసు. ఆ రోజు ఆయన చేతిలోనే కూతురి చెయ్యి ఉంది. ఆ చేతిలో వేడి ఎలా తగ్గుతూ పోయిందో ఇన్నేళ్ళుగా భార్యకి చెప్పలేదు. ఆమె అడగలేదు. ఇప్పుడు ఆ వెచ్చటి పళ్ళెం పక్కన కూర్చుని మెల్లగా, ఒక్కొక్క మాటగా చెప్పాడు. ముందు వేళ్ళ చివరలు. తర్వాత అరచెయ్యి. ఎక్కడా గింజుకోలేదనీ, నిద్రపోయినట్టే ఉందనీ, చివర్లో ఒకసారి అమ్మేదని అడిగిందనీ, వచ్చేస్తోందని తను చెప్పాననీ చెప్పాడు. వరహాలు మధ్యలో అడ్డురాకుండా విన్నది. కన్నీళ్ళు గాజు మీద పడి జారుతున్నాయి. తుడుచుకోలేదు.

బయట ఆసుపత్రి దగ్గర ఆటోలు వచ్చి పోతున్నాయి. ఎవరో రోగి బంధువులు నీళ్ళ కుళాయి దగ్గర సీసాలు నింపుకుంటున్నారు. షెడ్డు రేకు ఎండకి చిటపటమంది. పళ్ళెంలో ద్రవం చల్లారింది. ముందు అంచులు, తర్వాత మధ్యలో. పూర్తిగా చల్లబడిందని తెలిశాక కూడా వరహాలు చేతులు కాసేపు అక్కడే ఉంచింది. ఆ తర్వాత మూత పెట్టింది.

ఆయన లేచి ఆమెకి చెయ్యి అందించాడు. ఆమె లేవలేదు. తల పైకెత్తి, కొత్త ఊరిలో దిగినట్టు షెడ్డంతా ఒకసారి చూసింది.

"ఆకలేస్తంది" అంది.

హిమజ పోయిన తర్వాత తనకి ఆకలేస్తోందని ఆమె అనగా ఆయన ఎప్పుడూ వినలేదు. కేంటీనుకి గబగబా వెళ్ళాడు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర ఆకులో కట్టించుకుని తెచ్చాడు. చాప మీదే విప్పాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ముద్దలు కలుపుకుని, తల వంచుకుని, ఆకులో మెతుకు మిగలకుండా తిన్నది.